జిప్సీకి టర్బో డీజిల్ ఎక్కించాక బ్రేక్ సమస్య: షెడ్‌లో బాగుంటుంది, పరిగెత్తిస్తే పెడల్ బిగుసుకుపోతోంది

రాజమండ్రి_413

అందరికీ నమస్తే. బండి 2005 జిప్సీ, ఎంజీ413డబ్ల్యూ. పాత జీ13బీబీ పెట్రోల్ ఇంజన్ బోరుకొచ్చింది, దాన్ని దింపేసి స్విఫ్ట్‌లో వచ్చిన 1.3 టర్బో డీజిల్ (1248 సీసీ మల్టీజెట్) ఎక్కించాను. అడాప్టర్ ప్లేట్ వేసి జిప్సీ గేర్‌బాక్సే ఉంచారు. టర్బో నుంచి మానిఫోల్డ్‌కి (సిలిండర్లకి గాలి పంచే భాగం) వచ్చే లావు పైపు అల్యూమినియంతో షెడ్‌లోనే చేశారు. ఇంజన్ స్టార్టింగ్, పికప్, టెంపరేచర్ అన్నీ బ్రహ్మాండం. బండి రోడ్డు మీద తిప్పను, ఆఫ్‌రోడ్ ఈవెంట్లకే, అదీ ట్రైలర్ మీద తీసుకెళ్లి. ట్రయల్ అంతా మా మామయ్య వాళ్ల పామాయిల్ తోటలో చేస్తున్నాను, లోపల ఒక కిలోమీటర్ దాకా తిన్నటి మట్టి దారి ఉంది.

సమస్య బ్రేక్. ఐడిల్‌లో పెడల్ మెత్తగా, కంపెనీ బండిలా ఉంటుంది. షెడ్‌లో నిలబెట్టి ఎంత రేస్ చేసినా మార్పు లేదు. అదే దారిలోకి తీసుకెళ్లి మూడో గేర్‌లో గట్టిగా లాగించి, యాక్సిలరేటర్ వదిలి బ్రేక్ మీద కాలు వేస్తే పెడల్ రాయి. రెండు కాళ్లతో తొక్కినా బండి ఏదో మొహమాటానికి తగ్గుతుంది తప్ప ఆగదు. ఆపి కాసేపు ఐడిల్‌లో ఉంచితే మళ్లీ మామూలే. దాంతో మెకానిక్ దగ్గరికి వెళ్లేసరికి బ్రేక్ బాగుంటుంది, "మీరే అలవాటు పడలేదు సార్" అంటాడు.

బ్రేక్ బూస్టర్ (వాక్యూమ్‌తో పెడల్‌కి సాయం చేసే డబ్బా) పోయిందన్నారు, పాత సామాన్ల కొట్టులో ఇంకో జిప్సీ బూస్టర్ దొరికితే వేయించాను. తేడా లేదు. ఇప్పుడు మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి తోసేది) మార్చమంటున్నారు. ఇంకా డబ్బులు పోసే ముందు తెలిసినవాళ్లెవరైనా చెప్తారని అడుగుతున్నా. వచ్చే నెల మారేడుమిల్లి వైపు ఈవెంట్ ఉంది, ఈ బ్రేకుతో దిగుడు ట్రాక్‌లోకి వెళ్లే ధైర్యం లేదు.

ఘాట్‌రోడ్

ముందు ఎయిర్ తీయించండి బ్రో. ఇంజన్ దింపేటప్పుడు బ్రేక్ పైపు ఎక్కడో కదిలి ఉంటుంది. నా బొలేరోలో ఇలాగే బ్రేక్ అందకపోతే బ్రేక్ ఆయిల్ మొత్తం మార్చి బ్లీడ్ చేశాం, సెట్ అయిపోయింది. ఎలాగూ విప్పుతారు కాబట్టి మాస్టర్ కిట్ కూడా వేసేస్తే ఓ పనైపోతుంది.

పాత_డీజిల్_బాబాయ్

ఎయిర్ కాదు నాయనా. లైనులో గాలి ఉంటే పెడల్ లోపలికి పోతుంది, మెత్తగా స్పాంజిలా ఉంటుంది, పంప్ చేస్తే పైకి వస్తుంది. ఇతను చెప్పేది దానికి పూర్తిగా తిరగబడ్డ లక్షణం. పెడల్ పైనే ఉంది, గట్టిగా ఉంది, తొక్కినా దిగడం లేదు. అంటే ఆయిల్ వైపు బాగానే ఉంది, సాయం అందడం లేదు. మాస్టర్ సిలిండర్ జోలికి ఇప్పుడే పోవద్దు.

రాజమండ్రి తమ్ముడూ, బూస్టర్ పని ఎంతో ఒక లెక్క చెప్తాను, దాన్ని బట్టి నీ పెడల్ ఎందుకు అంత మొండికేస్తోందో తెలుస్తుంది. బూస్టర్ లోపలి రబ్బరు పొర, అంటే డయాఫ్రమ్, 8 అంగుళాలదనుకో, వైశాల్యం సుమారు 50 చదరపు అంగుళాలు. దానికి ఒక వైపు 26 ఇంచుల (పాదరసం కొలతలో) వాక్యూమ్ ఉంటే, నువ్వు పెడల్ తొక్కగానే రెండో వైపుకి బయటి గాలి వస్తుంది, రెండిటికీ మధ్య తేడా ఇంచుమించు 12.7 పీఎస్ఐ. 50తో గుణిస్తే 640 పౌండ్లు, అంటే 290 కిలోల తోపు. నీ కాలితో పాటు ఆ 290 కిలోలు మాస్టర్ సిలిండర్ రాడ్‌ని తోస్తాయన్నమాట. వాక్యూమ్ పోతే అదంతా నువ్వొక్కడివే తొయ్యాలి. ఇంక రెండు కాళ్లు ఏం చాలుతాయి?

ఇంజన్ మారినప్పుడు ఈ వాక్యూమ్ పుట్టే చోటు కూడా మారింది. పెట్రోల్ ఇంజన్‌కి థ్రాటిల్ (గాలి దారిలో తలుపు) ఉంటుంది, అది మూసుకున్నప్పుడు మానిఫోల్డ్‌లోనే వాక్యూమ్ పుడుతుంది, ఐడిల్‌లో 18 నుంచి 22 ఇంచుల దాకా. జిప్సీ బూస్టర్ గొట్టం అందుకే మానిఫోల్డ్‌కి పోయేది. డీజిల్‌లో గాలిని ఆపేది ఏమీ లేదు, మానిఫోల్డ్‌లో వాడుకునేంత వాక్యూమ్ రాదు, పైగా టర్బో ఉంటే లోడ్ పడ్డప్పుడు అక్కడ ప్రెషర్ ఉంటుంది. అందుకే డీజిల్‌కి విడిగా వాక్యూమ్ పంపు పెడతారు. పాత జీపుల్లో డైనమో వెనక ఉండేది, మల్టీజెట్‌కి కామ్‌షాఫ్ట్ చివర గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. స్విఫ్ట్‌లో ఇంజన్ అడ్డంగా ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు, నువ్వు నిలువుగా తిప్పి పెట్టావు కాబట్టి అది ఫైర్‌వాల్ (ఇంజన్‌కి క్యాబిన్‌కి మధ్య రేకు) మీదకి వచ్చి ఉంటుంది. అక్కడ చోటు చాలక మనవాళ్లు గొట్టాన్ని మెలికలు తిప్పి ఏవేవో జాయింట్లు వేస్తారు. నా అనుమానం అంతా అక్కడే.

షెడ్‌లో తప్పు ఎందుకు బయటపడటం లేదంటే, బండి నిలబెట్టి రేస్ చేస్తే టర్బో తిరుగుతుంది గానీ బూస్ట్ (టర్బో తోసే గాలి ప్రెషర్) పెద్దగా రాదు. ఇంజన్ మీద లోడ్ లేదు, మంట తక్కువ, ఎగ్జాస్ట్‌లో దమ్ము ఉండదు. మూడో గేర్‌లో బండి బరువు లాగుతుంటేనే అసలు బూస్ట్ వస్తుంది. బూస్ట్ వచ్చినప్పుడే బ్రేక్ పోతోందంటే ఆ రెండిటికీ ఎక్కడో చుట్టరికం ఉంది.

ఇప్పుడు నాకు కొన్ని జవాబులు కావాలి. ఒకటి, అలా లాగించి వదిలాక మొదటి తొక్కుడే గట్టిగా ఉందా, లేక మొదటిది బాగుండి రెండోదో మూడోదో గట్టిపడుతోందా? ఇది చాలా ముఖ్యం, ఊహించి చెప్పకు. రెండు, బూస్టర్ దగ్గర మొదలుపెట్టి గొట్టాన్ని చేత్తో పట్టుకుని చివరిదాకా వెళ్లు, ఎన్ని చోట్ల చీలిందో, ఏ చీలిక ఎక్కడికి పోయిందో చూడు. కంటితో చూస్తే లాభం లేదు, అన్నీ నల్లగానే ఉంటాయి. మూడు, గొట్టం ఊడదీసి లోపల వేలు పెట్టి చూడు, ఆయిల్ ఉందా?

అదయ్యేదాకా స్పీడు ట్రయల్స్ ఆపెయ్. తోటలో అయినా సరే.

రాజమండ్రి_413

థాంక్స్ బాబాయ్ గారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. చూసి వచ్చాను.

మొదటి తొక్కుడే గట్టి. ఖాయంగా. మామయ్య కొడుకుని పక్కన కూర్చోబెట్టి మామూలు స్పీడులోనే, ముందు బోలెడు జాగా ఉండేలా చూసుకుని ఇంకోసారి చూశాను.

గొట్టం విషయంలో మీ అనుమానం కరెక్ట్. బూస్టర్ నుంచి వచ్చిన గొట్టం ఫైర్‌వాల్ దగ్గర ఇత్తడి టీ జాయింట్‌కి వచ్చింది. ఒక కాలు వాక్యూమ్ పంపుకి పోయింది. ఇంకో కాలు బ్యాటరీ ట్రే కిందుగా వచ్చి, షెడ్‌లో చేసిన ఆ అల్యూమినియం పైపుకి వెల్డ్ చేసిన ఒక నిపుల్‌కి తగిలించి ఉంది. మధ్యలో చిన్న ప్లాస్టిక్ ఎన్నార్వీ (గాలిని ఒక వైపుకే పోనిచ్చే వన్‌వే వాల్వ్) ఒకటి వేశారు, అక్వేరియం పంపులకి వేసే సైజుది. ఫోన్ చేసి అడిగితే మెకానిక్ అన్నమాట: "పాత ఇంజన్‌కి మానిఫోల్డ్ నుంచే కదా సార్ ఉండేది, రెండు వైపుల నుంచీ లాగితే బ్రేక్ ఇంకా బాగుంటుందని ఇచ్చాం."

ఆయిల్ ఉంది. బూస్టర్ వైపు గొట్టంలో వేలు పెడితే నల్లటి ఇంజన్ ఆయిల్ అంటింది. కారేంత కాదు, కానీ గొట్టం లోపలంతా జిడ్డు, రబ్బరు నొక్కితే మెత్తబడినట్టుంది.

పాత_డీజిల్_బాబాయ్

దొరికింది దొంగ. ఆ అల్యూమినియం పైపులో లాగేదేమీ లేదు నాయనా, తోసేదే ఉంది. లోడ్ మీద టర్బో డీజిల్ ఆ పైపులో ఒక బార్‌కి అటూ ఇటూగా ప్రెషర్ పెడుతుంది, అంటే 14-15 పీఎస్ఐ. దానికి అడ్డుగా ఉన్నది ఆ అక్వేరియం వాల్వ్ ఒక్కటే. ఇంజన్ గది వేడికి, ఆ ప్రెషర్‌కి దాని లోపలి రబ్బరు బిళ్ల ఎన్నాళ్లు ఆగుతుంది? ఐడిల్‌లో పంపు లాగేటప్పుడు ఆ బిళ్ల ఎలాగో అతుక్కుని ఉంటోంది కాబట్టి నీకు బ్రేక్ బాగుంటోంది. బూస్ట్ రాగానే గాలి దాన్ని తోసుకుని టీ దగ్గరికి వచ్చేస్తోంది.

కానీ కథ ఇక్కడితో అయిపోలేదు. టీ దాకా బూస్ట్ వచ్చినా బూస్టర్ లోపలికి రాకూడదు, ఎందుకంటే బూస్టర్ మీద గొట్టం దూరే చోట దాని సొంత ఎన్నార్వీ ఉంటుంది. లైనులో ఏం జరిగినా లోపల దాచుకున్న వాక్యూమ్ బయటికి పోకుండా కాపాడేది అదే. అది బాగుంటే మొదటి తొక్కుడు, ఇంకా మాట్లాడితే రెండోది కూడా బాగా పడాలి, ఆ తర్వాతే గట్టిపడాలి. నీకు మొదటిదే గట్టి. అంటే ఆ రెండో వాల్వ్ కూడా పోయింది. నేను మొదటి తొక్కుడా రెండోదా అని అంత పట్టుబట్టి అడిగింది అందుకే.

గొట్టంలో ఆయిల్ కూడా అదే చెప్తోంది. వాక్యూమ్ పంపుకి ఇంజన్ ఆయిలే లూబ్రికేషన్. ఇంజన్ ఆపినప్పుడు బూస్టర్‌లో వాక్యూమ్ మిగిలి ఉంటుంది, ఎన్నార్వీ సరిగ్గా మూసుకోకపోతే ఆ వాక్యూమ్ పంపులో ఉన్న ఆయిల్‌ని వెనక్కి, బూస్టర్ వైపుకి లాగుతుంది. పాత సామాన్ల కొట్టులో తెచ్చిన బూస్టర్‌తో పాటు దాని పాత వాల్వే వాడి ఉంటారు. డయాఫ్రమ్ రబ్బరుకి ఇంజన్ ఆయిల్ పడదు, ఉబ్బుతుంది. కాబట్టి బూస్టర్ లోపలికి ఎంత పోయిందో కూడా చూడాలి.

నా మాట గుడ్డిగా నమ్మి పైపులు కోసెయ్యకు, ముందు రుజువు చేసుకో. వాక్యూమూ ప్రెషరూ రెండూ చూపించే టర్బో గేజ్ దొరుకుతుంది, సున్నాకి ఎడమ వైపు వాక్యూమ్, కుడి వైపు ప్రెషర్. దాన్ని గట్టి గొట్టంతో టీ దగ్గర కలుపు. ఇంజన్ స్టార్ట్ చేసి నిమిషం ఉంచి ఆపెయ్. అల్యూమినియం పైపు నిపుల్ దగ్గర ఆ చిన్న గొట్టం ఊడదీసి, టైర్ల షాపు కంప్రెసర్ గాలి రెగ్యులేటర్ మీద 5 పీఎస్ఐతో మొదలుపెట్టి మెల్లగా 12 దాకా ఇవ్వు, అంతకు మించొద్దు. ముల్లు ఎడమ నుంచి లేచి సున్నా దాటి కుడికి వెళ్తే అక్వేరియం వాల్వ్ పోయినట్టే. తర్వాత గేజ్‌ని ఎన్నార్వీకి బూస్టర్‌కి మధ్యకి మార్చి మళ్లీ అదే చెయ్యి. అక్కడ కూడా ముల్లు పడిపోతే రెండో వాల్వ్ సంగతి తేలిపోతుంది. ముఖం బూస్టర్ వైపు పెట్టకు, ప్రెషర్‌కి వాల్వ్ రబ్బరు గ్రోమెట్‌లోంచి ఎగిరి వచ్చే అవకాశం ఉంది.

ట్రాక్‌డే_డాలస్

బాబాయ్ గారి మాటకి పెట్రోల్ వైపు నుంచి కొంచెం కలుపుతాను, ఎందుకంటే ఈ థ్రెడ్ రేపు పెట్రోల్ టర్బో వేసుకున్నవాళ్లు కూడా చదువుతారు. నా బండి 1991 నిస్సాన్ 240ఎస్ఎక్స్. అమెరికాలో అమ్మిన వీటిలో 2.4 లీటర్ల కేఏ24 నాన్-టర్బో ఇంజన్లే వచ్చేవి, జపాన్ నుంచి వచ్చిన ఎస్ఆర్20డీఈటీ టర్బో ఇంజన్ దించి ఎక్కించుకోవడం ఇక్కడ చాలా మామూలు విషయం. ఎక్కించాక మొదట వచ్చే కంప్లైంట్లలో ఈ గట్టి పెడల్ ఒకటి.

పెట్రోల్ టర్బోలో మానిఫోల్డ్ ఒక్కటే రెండు వేషాలు వేస్తుంది. థ్రాటిల్ మూస్తే వాక్యూమ్, తెరిస్తే బూస్ట్. అందుకే బూస్టర్ గొట్టాన్ని థ్రాటిల్ తర్వాత, ప్లీనమ్ (మానిఫోల్డ్‌లో గాలి నిండే గది) మీద ఉన్న పెద్ద నిపుల్‌కే పెట్టాలి. థ్రాటిల్‌కి ముందు ఇంటర్‌కూలర్ పైపుకి పెడితే ఎప్పటికీ వాక్యూమ్ రాదు. రాజమండ్రి గారి బండిలో ఆ అల్యూమినియం నిపుల్ సరిగ్గా అలాంటిదే. నిస్సాన్‌లో వన్‌వే వాల్వ్ గొట్టం లోపలే ఉంటుంది, పైకి కనపడదు. గొట్టం పొడవు కుదరలేదని మధ్యలో కోసేసి వాల్వ్ ఉన్న ముక్క చెత్తబుట్టలో పడేసినవాళ్లని, తిప్పి పెట్టినవాళ్లని కూడా చూశాను. వాల్వ్ మీద బాణం ఉంటే అది ఇంజన్ వైపు చూడాలి. బాణం లేకపోతే నోటితో చూడండి: బూస్టర్ వైపు నుంచి ఊదితే గాలి పోవాలి, ఇంజన్ వైపు నుంచి ఊదితే ఆగిపోవాలి. ఆయిల్ అంటి ఉంటే ముందు తుడవండి మరి.

ఇంకోటి గొట్టం రకం. రంగురంగుల సిలికాన్ గొట్టం చూడ్డానికి బాగుంటుంది, బూస్ట్ సిగ్నల్‌కి పనికొస్తుంది, బ్రేక్ బూస్టర్‌కి మాత్రం వద్దు. పల్చటి సిలికాన్ వేడెక్కితే వాక్యూమ్‌కి లోపలికి అణిగిపోయి దారి మూసుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు చెక్ చేస్తే బాగానే కనిపిస్తుంది. లోపల అల్లిక ఉన్న బ్రేక్ వాక్యూమ్ గొట్టమే వాడండి.

పెట్రోల్‌లో డయాఫ్రమ్ చిరిగితే ఇంజనే చెప్పేస్తుంది, బ్రేక్ తొక్కగానే ఐడిల్ తేడా కొడుతుంది, ఎందుకంటే లెక్కలో లేని గాలి మానిఫోల్డ్‌లోకి పోతుంది. డీజిల్‌లో ఆ సూచన రాదు, పంపు వేరు కదా. పెద్ద క్యామ్ వేసి ఐడిల్ వాక్యూమ్ 10-12 ఇంచులకి పడిపోయిన ఇంజన్లకైతే ఎలక్ట్రిక్ వాక్యూమ్ పంపు పెట్టడమే దారి. ఇక్కడ చాలామంది హెల్లా యూపీ28 వాడతారు, దానికి వాక్యూమ్ స్విచ్, రిలే, ఫ్యూజ్ తప్పనిసరి. మీకు మాత్రం అవసరం లేదు, మీ ఇంజన్ పంపు బాగానే ఉన్నట్టుంది.

ఆర్సీ_బుక్

బ్రేక్ గురించి నాకు తెలిసింది తక్కువ, ఒక్క మాట చెప్పి పోతాను. ట్రైలర్ మీద తీసుకెళ్తున్నానన్నారు, అదే కొనసాగించండి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది, ఇంజన్ మార్చాలంటే రిజిస్టరింగ్ అథారిటీ అనుమతి, ఆర్సీలో నమోదు ఉండాలి. తయారీదారు ఇచ్చిన ఒరిజినల్ స్పెసిఫికేషన్ మారేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పెట్రోల్ ఆర్సీ మీద డీజిల్ ఇంజన్ ఉన్న బండి రోడ్డెక్కి ఎవరికైనా తగిలితే ఇన్సూరెన్స్ వాళ్లు చెయ్యెత్తేస్తారు. బ్రేక్ బాగయ్యాక "ఒక్కసారి దేవీచౌక్ దాకా" అని బుద్ధి పుడుతుంది, అందుకని చెప్తున్నా.

ఘాట్‌రోడ్

ఎయిర్ తీయమన్నందుకు బాబాయ్ గారు బాగానే వాయించారు 😀 కానీ నాదో డౌట్. బూస్ట్ ఒక్కసారి వెళ్తే వాక్యూమ్ పోతుంది సరే, యాక్సిలరేటర్ వదలగానే బూస్ట్ కూడా పోతుంది కదా, పంపు వెంటనే లాగెయ్యాలిగా? పెడల్ అంతసేపు గట్టిగా ఎందుకు ఉంటుంది?

పాత_డీజిల్_బాబాయ్

మంచి ప్రశ్న. పంపు కామ్‌షాఫ్ట్ మీద ఉంది, అంటే క్రాంక్ స్పీడులో సగమే తిరుగుతుంది. పైగా అది ఖాళీ చెయ్యాల్సింది మామూలు గాలి కాదు, ప్రెషర్‌తో నిండిన బూస్టర్, గొట్టం, టీ మొత్తం. అది సున్నాకి దిగి, ఆ తర్వాత పనికొచ్చే వాక్యూమ్ దాకా రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. గంటకి 60 కిలోమీటర్ల స్పీడులో బండి సెకనుకి 16 మీటర్లకు పైగా పోతుంది. మూడు సెకన్లంటే 50 మీటర్లు, బ్రేక్ లేకుండా. ఇంకో సంగతి, బూస్టర్‌లో ప్రెషర్ ఉండగా పెడల్ తొక్కితే సాయం మాట అటుంచి ఎదురు తోస్తుంది. అందుకే బూస్టర్ లేని పాత జీపు కన్నా ఇది ఇంకా మొండిగా అనిపిస్తుంది.

రాజమండ్రి_413

అప్‌డేట్. గేజ్ తెచ్చి బాబాయ్ గారు చెప్పినట్టే చేశాను.

టీ దగ్గర: ఐడిల్‌లో 26 ఇంచులు. ఇంజన్ ఆపి కంప్రెసర్ గాలి ఇస్తే 5 పీఎస్ఐకే ముల్లు లేచి సున్నా దాటేసింది. అక్వేరియం వాల్వ్ విప్పితే లోపలి బిళ్ల ఒక పక్క కరిగి వంగిపోయి ఉంది.

బూస్టర్ పక్కన: 26 నుంచి మొదలై చూస్తుండగానే 3కి పడిపోయింది. బూస్టర్ ఎన్నార్వీ తీసి ఊదితే రెండు వైపుల నుంచీ గాలి పోతోంది. దాని రబ్బరు ఉబ్బి, పక్కకి తిరిగి ఇరుక్కుని ఉంది.

ఇప్పుడు టీ తీసేశాను. అల్యూమినియం పైపు నిపుల్ కోసేసి వెల్డింగ్‌తో మూసేయించాను. పంపు నుంచి బూస్టర్‌కి నేరుగా ఒకటే గొట్టం, అల్లిక ఉన్నది, కొత్త ఎన్నార్వీ, కొత్త గ్రోమెట్. బూస్టర్ లోపల ఆయిల్ పోయిందేమోనని సన్నటి పుల్లకి తెల్లగుడ్డ చుట్టి గొట్టం కన్నంలోంచి పెట్టి చూశాను, కొంచెం తడి అంటింది, నిలవ మాత్రం లేదు.

తోటలో గేజ్ క్యాబిన్‌లోకి తెచ్చుకుని నడిపాను. మూడో గేర్‌లో ఎంత లాగించినా ముల్లు 25-26 దగ్గరే ఉంది. ఒకసారి బ్రేక్ కొడితే 20 దాకా పడి, మళ్లీ వెంటనే లేస్తోంది. రాత్రి ఇంజన్ ఆపేసి పొద్దున్న స్టార్ట్ చేయకుండా తొక్కితే మొదటి పెడల్ మెత్తగానే దిగింది. బండి ఇప్పుడు ఆగుతోంది బాబాయ్ గారూ, మామయ్య కొడుకు డ్యాష్‌బోర్డు పట్టుకున్నాడు.

కానీ కొత్తది ఒకటి కనిపించింది. కాసేపు తిప్పాక ముందు చక్రాలు రెండూ వేడెక్కుతున్నాయి, చెయ్యి పెట్టలేనంత. న్యూట్రల్‌లో తోస్తే బండి బరువుగా కదులుతోంది. చల్లారాక ఫ్రీ. ఇది ముందు నుంచీ ఉందో, బ్రేక్ పనిచెయ్యకపోవడం వల్ల తెలియలేదో చెప్పలేను. ఇంకోటి, లంబసింగి వైపు తీసుకెళ్తే గేజ్ తక్కువ చూపిస్తుందా?

పాత_డీజిల్_బాబాయ్

శభాష్. నీ బూస్టర్, పంపు రెండూ బాగున్నాయని నీ గేజే చెప్తోంది. అయినా ఆయిల్ తడి తగిలింది కాబట్టి ఈ పరీక్ష అప్పుడప్పుడు చేసుకో: ఇంజన్ ఆన్‌లో ఉండగా పెడల్ తొక్కి పట్టుకుని ఇంజన్ ఆపు, అలాగే 30 సెకన్లు పట్టుకో. పెడల్ కదలకూడదు. పాదాన్ని పైకి తోస్తుంటే డయాఫ్రమ్ కారుతున్నట్టు. పెడల్ దగ్గర బుస్‌మని ఆగకుండా శబ్దం వచ్చినా అదే అర్థం. అలా వచ్చిన రోజు కొత్త బూస్టర్ కొను, పాత సామాను మళ్లీ వెతక్కు.

లంబసింగి సముద్రమట్టానికి ఇంచుమించు వెయ్యి మీటర్ల ఎత్తు. ప్రతి 300 మీటర్లకి గేజ్‌లో సుమారు ఒక ఇంచు తగ్గుతుంది, కాబట్టి అక్కడ 22-23 చూపిస్తే కంగారు పడకు, గాలే పల్చన.

చక్రాలు వేడెక్కేది బూస్టర్ మార్చినందుకే అయి ఉండొచ్చు. బూస్టర్ ముందు వైపు నుంచి మాస్టర్ సిలిండర్‌ని తోసే రాడ్ ఉంటుంది, దాని పొడవు ఒక్కో బూస్టర్‌కి కొంచెం తేడా ఉంటుంది, మార్చినప్పుడు కొలిచి సెట్ చెయ్యాలి. అది రవ్వంత పొడవైనా మాస్టర్ పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, రిజర్వాయర్‌కి పోయే చిన్న కన్నం మూసుకునే ఉంటుంది. బ్రేక్ ఆయిల్ వేడికి వ్యాకోచించి వెనక్కి పోయే దారి లేక ప్యాడ్లని నొక్కి పెడుతుంది. వేడెక్కిన కొద్దీ ఇంకా పట్టేస్తుంది, చల్లారితే వదిలేస్తుంది. నువ్వు చెప్పింది అచ్చంగా ఇదే.

చక్రాలు పట్టేసి ఉన్నప్పుడు బండి ముందు భాగం జాకీ మీద లేపి, మాస్టర్ సిలిండర్‌ని బూస్టర్‌కి బిగించే రెండు నట్లు రెండు మూడు చుట్లు వదులు చెయ్యి. ఒక్కసారిగా చక్రం ఫ్రీ అయితే రాడ్ పొడవే కారణం, మాస్టర్ విప్పి రాడ్ చివరి స్క్రూ తగ్గించి, మాన్యువల్‌లో ఉన్న గ్యాప్‌కి సెట్ చేయించు. ఫ్రీ కాకపోతే నట్లు బిగించేసి కాలిపర్ బ్లీడర్ కొంచెం వదులు చెయ్యి. ఆయిల్ చిమ్మి చక్రం ఫ్రీ అయితే ప్రెషర్ లైనులోనే ఎక్కడో చిక్కుకుంది, మాస్టర్ రిటర్న్ కన్నంలో మట్టి గానీ, లోపల ఉబ్బిన ఫ్లెక్సిబుల్ గొట్టం గానీ. బ్లీడర్ వదిలినా చక్రం తిరగకపోతే కాలిపర్ పిస్టన్ తుప్పు పట్టి జామ్ అయింది.

వాషర్లు పెట్టి మాస్టర్‌ని ముందుకి జరుపుదామని షెడ్‌లో ఎవరైనా అంటే ఒప్పుకోకు. బూస్టర్‌కి మాస్టర్‌కి మధ్య కూడా సీల్ ఉంటుంది, సందు పడితే ఇంత కష్టపడి తెచ్చుకున్న వాక్యూమ్ అక్కడి నుంచి పోతుంది.

రాజమండ్రి_413

నట్లు వదులు చేయగానే రెండు చక్రాలూ ఫ్రీ అయ్యాయి. రాడ్ సెట్ చేయడానికి రేపు మాస్టర్ విప్పుతున్నాం. ఎలాగూ విప్పుతున్నాం కాబట్టి బ్రేక్ ఆయిల్ మార్చి ఎయిర్ కూడా తీసేస్తాం, ఘాట్‌రోడ్ బ్రో సంతోషిస్తాడు.